కుప్పం తల్లి సాక్ష్యానికి నా తర్జుమా

నేను మైకు పట్టుకుంటే మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఒకరోజు ముందే పండుతాయని మా సంఘంలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించిందీ, నలుగురిలో తిప్పిందీ నేనే. పెళ్లి విందులో వధూవరులను పరిచయం చెయ్యాలన్నా, రిటైరైన టీచరమ్మను సాగనంపాలన్నా, క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజుకి గొంతు కావాలన్నా జనం మా ఇంటికే వస్తారు. యాభై దాటాక అందరికీ బీపీ, షుగరు వస్తాయి. నాకు వాటితోపాటు కీర్తి కూడా వచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చింది తర్జుమా. పదో తరగతి దాకా కుప్పంలో పెరిగాను. అక్కడ బడిలో తెలుగు, పక్కింట్లో తమిళం, సంతలో కన్నడం చెవిన పడుతూనే ఉంటాయి. ఏ భాష ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. మా వైపు కూటాలకు తమిళ బోధకులు తరచూ వస్తారు. బోధకుడు ఒక వాక్యం చెప్పి ఆగితే పక్కన నిలబడినవాడు దాన్ని తెలుగులో చెప్పాలి. ఆయన ఒకటి చెబితే నేను మూడు చెప్పేవాణ్ణి. ఆయన ‘వాన పడింది’ అంటే నా తెలుగులో హార్స్లీ కొండ సగం కరిగి కిందికి జారేది. ఆయన ‘ఒక పేదవాడు’ అంటే ఆ పేదవాడికి నేను ఒక గుడ్డి తల్లినీ, చిరిగిన గొడుగునూ దానం చేసేవాణ్ణి. జనం ‘స్తోత్రం, స్తోత్రం’ అని ఊగిపోయేవాళ్లు. ఒక బోధకుడైతే కూటం అయ్యాక నా భుజం తట్టి, “తమిళంలో నేను ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు” అన్నాడు. దాన్ని మెచ్చుకోలు అనుకుని ఇంటికొచ్చి అన్నం రెండోసారి పెట్టించుకున్నాను. ఆయన నన్ను మందలించాడేమోనన్న అనుమానం ఈమధ్యే కలిగింది.

నేను సిగ్గుతో చచ్చిపోయిన ఆదివారం పోయిన సంవత్సరంలోది. చచ్చిపోయాను అన్నది కూడా ఎక్కువే. చావు గురించి ఆ మాట వాడే అర్హత ఆ రోజు నాకు లేదు.

మా సంఘంలో వానలు వెనకబట్టాక కృతజ్ఞతా ఆదివారం జరుపుతారు. ఆ సంవత్సరం తమ ప్రార్థనకు జవాబు దొరికినవాళ్లు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతారు. బోరులో నీళ్లు పడినవాళ్లు, లెక్కల్లో కొడుకు పాసైనవాళ్లు, కడుపు కోయించుకుని బతికి బయటపడ్డవాళ్లు వరుసగా కూర్చుంటారు. సాక్ష్యానికి నులకమంచానికి ఉన్నట్టు నాలుగు కోళ్లు ఉంటాయి: కష్టం, ప్రార్థన, జవాబు, స్తోత్రం. మొదటి కోడు కనబడగానే మిగతా మూడూ ఎక్కడుంటాయో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. నేను కళ్లు తెరిచే చెప్పాను, అదే ఘోరం.

కుప్పం దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి వచ్చింది. అంతకుముందు వానాకాలంలో ఆమె కూతురు మా ఊరి ఆసుపత్రిలో చాలా రోజులు పడుకుంది. ఐదో తరగతి చదివే పిల్ల. ఒంట్లో రక్తం ఊరడం లేదన్నారు. మా మేనత్త, ఆమె వెంట స్త్రీల సమాజం ఆడవాళ్లు వంతులేసుకుని గంజి మోశారు. సాయంత్రాలు మంచం చుట్టూ నిలబడి పాటలు పాడారు. ఆ పిల్ల ఒక స్తుతి పాటను మళ్లీ మళ్లీ అడిగి పాడించుకునేదట. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి దూరాన ఉన్న పెద్దాసుపత్రికి అంబులెన్సులో తీసుకుపోయారు. ఆ తొందరలో ఎవరి దగ్గరా ఫోన్ నంబరు తీసుకోలేదు. ఆ తర్వాత కబురు లేదు. అయినా మా అత్త ప్రతి శుక్రవారం కూడికలో ‘కుప్పం పాప’ అని పేరుపెట్టి ప్రార్థన చేయిస్తూనే ఉంది.

ఆరాధనకు ముందు మా పాస్టరు అయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. “ఆ పాప వాళ్లమ్మ వచ్చినాదండీ. సాక్ష్యం చెప్పాలంట. చివర్లో మన ఆడవాళ్లతో కలిసి ఆ పాట పాడాలంట, దానికోసమే ఇంతదూరం వచ్చినాదంట. ఎన్నో నెలలుగా గొంతెత్తి పాడలేదని మాత్రం చెప్పింది. తెలుగు అర్థమవుతుంది కానీ మైకులో తమిళమే మాట్లాడుతుందంట. మీరు ముందుగా ఒకసారి కూర్చుని విషయం కనుక్కోండి.”

“సరే అయ్యగారూ” అన్నాను. నోట్లో ఉద్దివడ ఉంది. ఆ రోజు స్త్రీల సమాజం వాళ్ల వడలు మా చర్చి కప్పు మీద గంటకి బదులు వేలాడదీయదగినంత పెద్దగా ఉన్నాయి. రెండోది అందుకునే పనిలో ఉన్నాను.

ఆమె, అయ్యగారు అంగీ వేసుకునే వెస్ట్రీ గది గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నూలుచీర, చేతిలో సంచి. ఒంటరిగా వచ్చింది. పిల్లను వెంట తీసుకురాలేదేమని ఒక్క క్షణం ఆలోచించినా చాలు, ఈ కథ ఉండేది కాదు. కానీ నా ఆలోచనలన్నీ వడలోని మిరియం మీద ఉన్నాయి.

“అన్నా, ఒక రెండు మాటలు ముందు చెప్పాలి” అంది తమిళంలో.

“భయపడొద్దమ్మా” అన్నాను, మహా దయగలవాడిలాగా. “నువ్వు ఒక ముక్క అందించు. మిగతాది నేను చూసుకుంటాను.” అనేసి చెయ్యి కడుక్కోవడానికి పోయాను.

ఆమె వంతు వచ్చింది. ఇద్దరం మైకు ముందు నిలబడ్డాం. ఆమె గొంతు చిన్నది, మాటలు పొట్టివి. నాకు అలాంటివాళ్లంటే ప్రాణం. ఖాళీ స్థలం ఎంత ఎక్కువుంటే నేను అంత పెద్ద ఇల్లు కట్టగలను.

“పాపకి ఒంట్లో బాగాలేక ఇక్కడికి తీసుకొచ్చాము” అంది.

“మృత్యువు గుమ్మం దాకా వచ్చి తలుపు కొడుతుంటే, అరచేతిలో దీపం పెట్టుకున్నట్టు ఆ పాపను పెట్టుకుని మన మదనపల్లెకి పరిగెత్తుకొచ్చారు!” అన్నాను.

“ఇక్కడి అమ్మలు గంజి తెచ్చారు.”

“కన్నతల్లి కూడా చెయ్యలేనంతగా, పొగలు కక్కే గంజి! ఆ గంజి వాసనకే పాప కళ్లు విప్పింది!”

ముందు వరసలో మా అత్త మొహం చిట్లించింది. ఆ గంజి మోసింది ఆమే. అది చల్లారిపోయి ఉండేదని ఆమెకు తెలుసు. పైగా కన్నతల్లి నా పక్కనే నిలబడి ఉందన్న సంగతి కూడా ఆమెకే గుర్తుంది.

“పాటలు పాడారు. పాపకి ఆ పాటలు ఇష్టం” అంది ఆ తల్లి. నేను వార్డు కిటికీలు ఊగించాను. పక్క మంచాలమీది రోగుల చేత చప్పట్లు కొట్టించాను. జనంలో స్తోత్రాలు మొదలయ్యాయి. ఆమె నావైపు ఒకసారి చూసి తల దించుకుంది. తెలుగు అర్థమవుతుందని అయ్యగారు చెప్పనే చెప్పారు. నా ప్రతి అబద్ధమూ ఆమెకు అర్థమవుతూనే ఉంది. మైకులో నలుగురి ముందు ఒక మగవాణ్ణి ఆపడం అలవాటు లేక సహించింది.

“పెద్దాసుపత్రిలో ముక్కుకి మాస్కు పెట్టారు. ఒకరోజు తెల్లారాక డాక్టరమ్మ వచ్చి ఆ మాస్కు తీసేసింది” అంది.

అక్కడ ఆగింది. గుటక మింగడానికి ఆగింది. నేను తర్జుమా కోసం ఆగిందనుకున్నాను. కష్టం అయింది, ప్రార్థన అయింది, మూడో కోడు నాకు కళ్ల ముందు కనిపిస్తోంది.

“డాక్టరమ్మ వచ్చింది! మాస్కు తీసి అవతల పారేసింది! ఇక ఈ పాపకి దీనితో పని లేదు అంది! పాప లేచి కూర్చుంది! అమ్మా, ఆకలేస్తోంది అంది!”

గుడి అంతా చప్పట్లు. హల్లెలూయా అన్న కేక నిజంగానే మార్కెట్ దాకా వినిపించి ఉంటుంది. కీబోర్డు వాయించే ఆయన ఇలాంటి చోట్ల కోసమే ఒక హుషారైన తాళం సిద్ధంగా పెట్టుకుంటాడు, మీట నొక్కేశాడు. ఆ డప్పుల మధ్య ఆ తల్లి చెయ్యి చాచి మైకును తనవైపు తిప్పుకుంది. తెలుగులో, నాకంటే స్పష్టమైన తెలుగులో అంది.

“లేదప్పా. పాప లేదు.”

చప్పట్లు కొడుతున్న చేతులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నోళ్లు మూతబడ్డాయి. కీబోర్డు మాత్రం ఆగలేదు. కంగారులో ఆయన ఏ మీట నొక్కినా తాళం ఇంకా వేగం అందుకుంటోంది. చివరికి ఎవరో వైరు పీకారు. ఇంత గొంతు, ఇంత పదసంపద ఇచ్చిన దేవుడు ఆ క్షణాన నాకు ఒక్క మాట కూడా ఇవ్వలేదు. ఇచ్చినా చెయ్యి అడ్డం పెట్టి వద్దనేవాణ్ణి.

అయ్యగారు లేచి గబగబా ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆమె మెట్లు దిగి, పక్క తలుపు గుండా బయటికి పోవడం చూశాను. ఆమె పాడాలనుకున్న పాట పాడలేదు. ఎందుకు పాడాలనుకుందో కూడా ఎవరూ వినలేదు. ‘ఆమేన్’ అన్నాక మా అత్త బయటికి పరిగెత్తింది కానీ అప్పటికే ఆటో వెళ్లిపోయింది.

బెంచీ మీద సంచి మిగిలిపోయింది. అందులో మా అత్త స్టీలు క్యారియర్ ఉంది. అంబులెన్సు ఎక్కించేటప్పుడు పాప సామానులో కలిసిపోయిందట. తళతళలాడేలా తోమి, ఖాళీగా ఇవ్వకూడదని గిన్నెల నిండా మురుకులు పెట్టి తెచ్చింది.

అత్త ఆ మూత తీసి చూసి, నావైపు తిరిగింది. “సూస్తివా రా? కడుపుకోతతో ఉండి కూడా గిన్నె నింపకొచ్చినాది ఆ తల్లి. నీ గిన్నెలో ఏముండాది నాయనా? గాలి. వొట్టి గాలి.”

“అత్తా, నాకు తెలియదు...”

“తెలీకపోతే నోరు మూసుకోవాల. తెలీకనే కదా మేమంతా మూసుకోనుండేది.”

ఇంటికొచ్చాను. మా ఆవిడ తిట్టలేదు. నన్ను తిట్టడం ఆమెకు కాఫీ తాగినంత అలవాటు. ఆ రోజు తిట్టకుండా చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. ఆ మర్యాదకి సగం అన్నంలోనే చెయ్యి కడిగేశాను. ఆ రెండు మూడు రోజులూ వీధిలో తెలిసినవాళ్లు నన్ను చూసి మాస్కుల గురించి కాకుండా ఇంకేదైనా మాట్లాడాలని కష్టపడ్డారు. అద్దంలో నా నోరు నాకే పరాయివాడి నోరులా కనిపించింది.

వారం మధ్యలో బయల్దేరాను. కుప్పానికి పోవాలంటే పుంగనూరులో ఒక బస్సు, పలమనేరులో ఒక బస్సు మారాలి. పుంగనూరు బస్టాండు ముందు టీ తాగుతుంటే చిన్ననాటి స్నేహితుడు కనిపించాడు. పాడి పెట్టుకున్నాడు, భుజాన తవుడు మూట.

“ఏమప్పా, మొగం ఉడకేసిన వంకాయ మాదిరి ఉండాది? యాడికి?”

“కుప్పానికి.”

“మీటింగా? మైకు నీదేనా?”

చెప్పేశాను. నవ్వుతాడని సగం ఆశపడ్డాను. ఒకడు నవ్వితే అది హాస్యం కిందికి వస్తుంది, నేను రోజూ చేసే పనిలో కలిసిపోతుంది. అతడు నవ్వలేదు. మూట దించి కింద పెట్టాడు.

“ఒగ మాట అడుగుతా, కోపం సేసుకోవాకు. మేము మొక్కుకుంటాం. పనైతే పోయి మొక్కు తీర్సుకోనొస్తాం. కాకపోతే ఆ యేడు మా దేవుని మీద అలుగుతాం, పోనే పోము. మీరేందప్పా, పనైనా స్తోత్రమే అంటారు, పని సెడినా స్తోత్రమే అంటారు. ఆ యమ్మ బిడ్డను పోగొట్టుకోని, స్తోత్రం సెప్పను అంతదూరం వచ్చినాదా? యాల? మీరు పొగడకపోతే తాను గొప్పోడని మీ దేవునికి తెలీదా?”

ఈ ప్రశ్నకి నా దగ్గర బ్రహ్మాండమైన జవాబు ఉండేది. ‘నీ భార్యకి కూర బాగుందని చెప్పకుండా ఒక్క వారం గడిపి చూడు, అప్పుడు తెలుస్తుంది పొగడ్త ఎందుకో’ అని. ఆ జవాబుకి మదనపల్లె నుంచి బైరెడ్డిపల్లె దాకా నవ్వని కూటం లేదు. ఆ రోజు అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కూర బాగున్నప్పటి సంగతి అది. బాగాలేనప్పుడు ఏమిటని నేను ఎప్పుడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే నేను దేవుణ్ణి స్తుతించడం, ఎమ్మెల్యేకి శాలువా కప్పడం ఒకే చేత్తో చేశాను. కప్పేటప్పుడు ఫోటోలో నేనూ పడతాను కదా.

“తెలీదు” అన్నాను.

“నీకా? తెలీదా?” అని తవుడు మూట ఎత్తుకుంటూ నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూశాడు. “జొరం గానీ వచ్చినాదా ఏమప్పా?”

కుప్పంలో దిగి అడుగుతూ అడుగుతూ పల్లెకు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆమె పట్టుపురుగుల కొట్టంలో తట్టల మీద మల్బరీ ఆకు పరుస్తోంది. పురుగులు ఆకు నమిలే చప్పుడు సన్నని తుంపరలా ఉంది. నన్ను చూసి చేతులు దులుపుకుని బయటికొచ్చి చెంబుతో నీళ్లిచ్చింది. అరుస్తుందేమోనని తయారై వచ్చినవాడికి చెంబుడు నీళ్లు తాగడం కష్టమైంది.

దారంతా కూర్చుకున్న క్షమాపణ మొదలుపెట్టాను. నేను పాపిననీ, నా నాలుక మీద వాతపెట్టాలనీ, భూమి చీలి నన్ను మింగినా...

“అన్నా” అని ఆపింది. “చిన్నగా చెప్పు.”

“తప్పయిపోయిందమ్మా.”

“ఊఁ” అంది. ఎంత గొప్ప క్షమాపణనైనా అంత చిన్నదిగా కత్తిరించుకోవచ్చని నాకు అంతవరకు తెలియదు.

ఆ రోజు ఏం చెప్పాలనుకున్నావని అడిగాను. తమిళంలో ఆమె చెప్పింది ఇదీ. ఇందులో నా మాట ఒక్కటీ లేదు.

“పాప పుట్టినప్పుడు సంఘం ముందు నిలబడి స్తోత్రం చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే, ఆ రోజు చెప్పింది వెనక్కి తీసుకున్నట్టు అవుతుంది. పాప పుట్టనే లేదన్నట్టు అవుతుంది. నేను అడిగింది ఆయన ఇవ్వలేదు. నాకు ఆయన మీద కోపంగా ఉంది. కానీ పాపను ఇచ్చింది కూడా ఆయనే కదా, ఇంకెవరికి చెప్పుకోను? కోపం ఉన్నవాళ్లు పాడొచ్చా అని అడుగుదామని వచ్చాను. ఇక్కడ గుడిలో పాట మొదలవగానే గొంతు పూడుకుపోతుంది. పాపకి పాడినవాళ్ల మధ్య నిలబడితే వస్తుందేమోనని వచ్చాను. అంతే.”

“ఆ అమ్మలకి ఈ మాట చెప్పు” అంది నేను లేచేటప్పుడు. “ఇంతే చెప్పు.”

మరుసటి ఆదివారం ప్రకటనల సమయంలో నిలబడ్డాను. మైకు తీసుకోలేదు. ఆమె చెప్పినట్టే చెప్పి ఊరుకున్నాను. ఎవరూ కదల్లేదు. అందరూ మిగతా దానికోసం ఎదురుచూస్తున్నారు. వెనక బెంచీల్లో ఒకరిద్దరు ముందుగానే పళ్లు బయటపెట్టి, నేను ఎప్పటిలా ఎక్కడో ఒకచోట మలుపు తిప్పుతానని చూస్తున్నారు. ఆ నవ్వులు నేను ఏళ్లతరబడి పెంచినవి. ఇంకోసారి నోరు విప్పితే పాత అలవాటు ఊడిపడుతుందని కూర్చోబోయాను.

“నిలబడు” అంది మా అత్త. “అంతేనా?”

“అంతే అత్తా.”

“ఆమె సెప్పిందా, నువ్వు అల్లినావా?”

“ఆమె చెప్పిందే అత్తా.”

“నీ నోట్లోనించి ఇంత పొట్టి మాట యానాడన్నా వచ్చినాదా? నమ్మేదెట్ల నాయనా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. నిజం చెప్పి నవ్వులపాలవడం ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. ప్రమాణం చేద్దామనుకున్నాను. నా ప్రమాణాలు కూడా ఆ సంఘం చాలా చూసింది. ఆ తల్లి తన గుండెలో మాట నమ్మి నా చేతికిచ్చింది. నా చేతిలో పడిన పాపానికి అది కూడా కట్టుకథ అయిపోయింది. నిలబడే ఉన్నాను. మా ఆవిడ మూడో వరసలో తల దించుకుని చీర అంచు మడతపెడుతోంది. ఆ మడత పెట్టే వేళ్లను చూడలేక పైకప్పు చూశాను.

అత్త స్త్రీల సమాజం వైపు తిరిగింది. “ఎల్లుండి పొద్దన్నే బస్సుకి పోదాం. ఆ యమ్మ నోటితోనే విందాం.” మళ్లీ నాకు: “నువ్వు దావ సూపించు సాలు. తర్జుమా మాకొద్దు.”

ఆ ప్రయాణంలో నేను టికెట్లు తీశాను, సంచులు మోశాను. స్త్రీల సమాజం ప్రయాణమంటే ఒక చిన్న రాజ్యం తరలినట్టే. పులిహోర వాసనకి పుంగనూరులో కండక్టరు దిగాల్సిన చోట దిగడం మరిచాడు. ఈ ఒక్క అతిశయోక్తిని వదిలెయ్యండి. మిగతా దారంతా నేను పలకలేదు. పలమనేరులో బస్సు మారేటప్పుడు ఒకామె, “ఏమి సారూ, నోట్లో ఏమన్నా పెట్టుకోనుండారా?” అని అడిగింది. అత్త, “అట్లనే ఉండనీమ్మా, ఊరికి మంచిది” అంది.

పల్లెలో ఆ తల్లి గుమ్మంలోకి వచ్చి, వాళ్లందరినీ చూసి, గడప పట్టుకుని నిలబడిపోయింది. ఆడవాళ్లు లోపలికి పోయారు. ఇల్లు చిన్నది, ఒకరి ఒడిలో ఒకరు కూర్చున్నట్టు సర్దుకున్నారు. నేను బయట కొట్టం పక్కన అరుగుమీద కూర్చున్నాను. కిటికీలోంచి అంతా వినిపిస్తోంది.

మా అత్తకి వచ్చిన తమిళం, భోజనానికి వాళ్లనే సాప్పాడు అన్న మాట దగ్గర మొదలై దాని దగ్గరే ఆగిపోతుంది. ఆ తల్లికి వచ్చిన తెలుగు సంతలో నేర్చుకున్నది. ఒకరు తప్పుగా అంటున్నారు, ఇంకొకరు దానికి తప్పుగా జవాబిస్తున్నారు. అరుగుమీద నా నాలుక దురద పెట్టి మెలికలు తిరిగింది. ‘అత్తా, ఆమె అన్నది అది కాదు’ అని అరవాలని రెండుసార్లు లేచాను. లోపల మాటలు ఆగడం లేదు. మెల్లగా నాకు అర్థమైంది, వాళ్లకి అన్నీ అర్థమవుతున్నాయని. కూర్చున్నాను.

“నాకు కోపం ఉందమ్మా” అంది ఆ తల్లి తెలుగులో. “దేవుడి మీద. పాడొచ్చా?”

అత్త గొంతు వినిపించింది. “నేనూ అట్ల పాడినదాన్నే తల్లీ. శానాళ్లు. పాడు. కోపం పాటలోకి వస్తే రానీ. ఆయన ఇనుకుంటాడు, ఆయనకి మాత్రం ఇంకేం పని?”

మా అత్త దేవుడితో ఎప్పుడు, ఏ సంగతిలో కోపగించుకుందో నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఆమె పక్క బెంచీలోనే కూర్చున్నాను. ఒక్కసారీ అడగలేదు. ఆమె పాడుతుంటే గొంతులో జీర వస్తుందని మాత్రం పిల్లలతో అనుకరించి నవ్వించాను.

పాట ఎత్తుకున్నారు. ఆ పాటకి తెలుగులోనూ తమిళంలోనూ ఒకటే బాణీ. మొదటి చరణం మొదటి పాదం ఆడవాళ్లు పాడారు. ఆమె గొంతు వినిపించలేదు. వాళ్లు రెండో పాదానికి పోలేదు. మొదటి పాదమే మళ్లీ పాడారు. మళ్లీ పాడారు. ఎవరూ గొంతు హెచ్చించలేదు, ఎవరూ తొందరపెట్టలేదు, పాడమ్మా అని అనలేదు. అదే పాదం, అదే నెమ్మది. పొయ్యి మీద ఏదో ఉడికే వాసన వస్తోంది. పక్కింటివాళ్లు గోడ పక్కకొచ్చి నిలబడి చూస్తున్నారు. అందులో ఒకామె నన్ను, “యాల ఒగటే ముక్క పాడతాండారు?” అని అడిగింది.

జవాబు చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. వేలితో కిటికీవైపు చూపించాను, వినమని.

ఎప్పుడు కలిసిందో తెలియలేదు. తెలుగు మాటల కింద తమిళం మాట ఒకటి, తెగి, ఆగి, మళ్లీ అందుకుంది. పాదం చివరిదాకా వచ్చేసరికి ఏడుపు, పాట కలిసిపోయి వేరు చెయ్యలేనట్టు ఉన్నాయి. ఆడవాళ్లు ఆ పాదాన్ని ఆమెతో ఇంకొకసారి పాడారు.

అప్పుడు అత్త రెండో పాదం ఎత్తుకుంది.